ఆ ఊళ్లను కట్టింది రైలు కంపెనీయా, రైతులా? (నెబ్రాస్కా, కాన్సాస్ పల్లెల మీద చర్చ)

నిడదవోలు_జంక్షన్ | శనివారం, రాత్రి 9:10

పోయిన నెల మా అబ్బాయి కారులో లింకన్ నుంచి పడమటికి, 6వ నంబరు హైవే పట్టుకుని వెళ్లాం. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం. రెండు పక్కలా మొక్కజొన్న, కాస్త సోయా, మళ్లీ మొక్కజొన్న. నేను రైల్వేలో ముప్ఫై ఏళ్లు చేసి దిగినవాణ్ణి. అందుకని నా చూపంతా రోడ్డు పక్కన నడిచే పట్టాల మీదే. డోర్చెస్టర్ అని బోర్డు వచ్చింది. కాసేపటికి ఎక్సెటర్. తర్వాత ఫెయిర్‌మాంట్, ఆ తర్వాత గ్రాఫ్టన్. ఎక్కడో ఏదో తట్టి ఫోన్‌లో మ్యాప్ తీశాను. వెనకాల క్రీట్, ముందు హార్వర్డ్, ఇన్లాండ్, జునియాటా, కెనెసా, లోవెల్. సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్, ఐ, జె, కె, ఎల్. మా మనవడి ఎల్‌కేజీ పుస్తకంలా ఉంది!

కథేమిటంటే, 1870ల మొదట్లో బర్లింగ్టన్ రైలు కంపెనీ ఈ లైను వేసుకుంటూ పోతూ స్టేషన్లకు అక్షర క్రమంలో పేర్లు పెట్టుకుంటూ పోయింది. అక్కడ చాలా చోట్ల ఇల్లూ లేదు, వాకిలీ లేదు. పేరు మాత్రం తయారు. మా నిడదవోలు రైలు రాకముందు వందల ఏళ్ల నుంచీ ఉంది, రైలొచ్చి దాన్ని జంక్షన్ చేసింది. ఇక్కడ స్టేషన్ పుట్టాక ఊరు పుట్టింది.

ఈ కంపెనీకి నెబ్రాస్కాలో ప్రభుత్వం దఖలు పరిచిన భూమే ఇరవై లక్షల ఎకరాల పైచిలుకు. రైలు పట్టాలు వేసినందుకు బహుమానం అన్నమాట. భూమి అమ్ముడు పోవాలంటే కొనేవాడు రావాలి. వచ్చినవాడు పండించాలి. పండింది రైల్లోకే ఎక్కాలి. మధ్యలో సరుకు దించుకోవడానికి, గింజలు ఎక్కించడానికి ఊరు కావాలి. ఎనిమిది, పది మైళ్లకొకటి గీసేశారు, ఎందుకంటే గుర్రబ్బండి మీద గోధుమలు తోలుకొచ్చిన రైతు చీకటి పడేలోపు ఇంటికి చేరాలి. ఆవిరి ఇంజనుకు ఎటూ మధ్యమధ్యలో నీళ్లు పట్టాలి. ఇలినాయ్ సెంట్రల్ రైలు మనుషులైతే 1850ల్లోనే ఒకటే నమూనా ప్లాను దగ్గర పెట్టుకుని, ముప్ఫైకి పైగా ఊళ్లకు అదే అచ్చు గుద్దారు.

కాబట్టి నా వాదన ఇది. అవి ఊళ్లు కావు, సరుకు. కంపెనీ లేఅవుట్ వేసి అమ్ముకుంది, అంతే. ఇవాళ ఖాళీ అయిపోతున్నాయని పేపర్లు అంత బాధ పడిపోవడం నాకు అర్థం కాదు. కాదంటారా?


గంగావతి_క్యాంపు | శనివారం, రాత్రి 10:25

కాదనే అంటాను జంక్షన్ గారూ.

మా తాతగారు తణుకు దగ్గర ఉన్న రెండెకరాలు అమ్ముకుని, 1950ల్లో తుంగభద్ర కాలువ కిందికి వచ్చారు. కర్ణాటకలో గంగావతి, సింధనూరు వైపు ఎక్కడ చూసినా మన తెలుగువాళ్ల క్యాంపులే. ఊరి పేరు చివర ఇప్పటికీ 'క్యాంపు' అనే ఉంటుంది. డ్యామ్ కట్టింది ప్రభుత్వం, కాలువ తవ్వింది ప్రభుత్వం. అంతమాత్రాన క్యాంపును కట్టింది కాలువేనా? తుమ్మచెట్లు కొట్టిందెవరు, పాములకు భయపడుతూ గుడిసెల్లో పడుకున్నదెవరు, రామాలయానికి తలా బస్తా వడ్లు వేసుకున్నదెవరు? కాలువ వస్తే నీళ్లొస్తాయి. ఊరు రాదు.

అక్కడా అంతే. 1862లో అధ్యక్షుడు లింకన్ సంతకం చేసిన హోమ్‌స్టెడ్ చట్టం మాటే మీరు ఎత్తలేదు. ఇంటి పెద్దయినా, 21 ఏళ్లు నిండిన ఒంటరి ఆడమనిషయినా అర్జీ పెట్టుకుంటే 160 ఎకరాలు. ఐదేళ్లు అక్కడే కాపురం ఉండాలి, సాగు చెయ్యాలి. ఫీజులన్నీ కలిపి 18 డాలర్లు. అలా 16 లక్షల మంది చివరిదాకా నిలబడి పట్టా పుచ్చుకున్నారు, మొత్తం 27 కోట్ల ఎకరాలు. రైలు కంపెనీలన్నిటికీ కలిపి కేంద్రం ఇచ్చింది 13 కోట్లు. ఏది ఎక్కువ?

ఆ నేల మీద కర్ర లేదు, రాయి లేదు. గడ్డి వేళ్లతో సహా మట్టిని పెళ్లలు పెళ్లలుగా కోసి, ఇటుకల్లా పేర్చి ఇళ్లు కట్టుకున్నారు. వానొస్తే పైకప్పు రెండు రోజుల పాటు కారేది. రష్యా నుంచి జర్మన్ మాట్లాడే మెనొనైట్ (అదొక క్రైస్తవ శాఖ) రైతులు 1874లో కాన్సాస్ వచ్చారు. వాళ్లు వెంట తెచ్చుకున్న 'టర్కీ రెడ్' అనే శీతాకాలపు గోధుమ వల్లే కాన్సాస్ గోధుమకు పేరొచ్చింది. స్వీడన్ వాళ్లు 1869లో లిండ్స్‌బోర్గ్ పెట్టుకుని, పన్నెండేళ్లు తిరక్కుండానే అందులో కాలేజీ తెరిచారు. ఇవన్నీ ఏ రైలు ఆఫీసులో అచ్చు పోశారండీ?


నిడదవోలు_జంక్షన్ | శనివారం, రాత్రి 10:50

మెనొనైట్లను రష్యా దాకా వెళ్లి పిలుచుకొచ్చింది శాంటా ఫే రైలు కంపెనీ మనిషే క్యాంపు గారూ. సి.బి. ష్మిట్ అని, వలసల ఏజెంటు. భూమి అమ్మిందీ వాళ్లే. మీ ఉదాహరణ నా బుట్టలోనే పడింది.


సర్వే_గొలుసు | ఆదివారం, ఉదయం 6:40

ఇద్దరూ 'ఊరు' అనే మాట వాడుతున్నారు. తిరకాసంతా అందులోనే ఉంది. నేను తాలూకా ఆఫీసులో సర్వేయరుగా చేశాను, కొంచెం కొలతల గోల వినండి.

మా ఆఫీసు మూల ఒక తుప్పు పట్టిన గొలుసు ఉండేది. 66 అడుగులు, 100 లింకులు. దాన్ని గంటర్ గొలుసు అంటారు. ఇంగ్లీషువాడు అదే గొలుసును మన దగ్గరికీ తెచ్చాడు, అమెరికాకూ తీసుకెళ్లాడు. ఎనభై గొలుసులైతే మైలు. పది చదరపు గొలుసులైతే ఎకరం. 1785లో అమెరికా వాళ్లు ఒక చట్టం చేసి, ఇంకా చూడని నేలను కూడా ఈ గొలుసుతో గళ్లు గళ్లుగా కొలవడం మొదలుపెట్టారు. ఆరు మైళ్లకు ఆరు మైళ్లు ఒక టౌన్‌షిప్. అందులో మైలు చదరం గళ్లు 36. ఒక్కో గడి 640 ఎకరాలు, దానికి సెక్షన్ అని పేరు. అందులో పావు వంతే మీ 160 ఎకరాలు. 16వ నంబరు గడి ఆ టౌన్‌షిప్ బడికి. విమానంలోంచి చూస్తే చదరంగం బల్లలా కనపడేది ఇదే. వాగు అడ్డమొచ్చినా, గుట్ట అడ్డమొచ్చినా గీత గీతే.

మన ఊరెలా ఉంటుంది? ఇళ్లన్నీ ఒకచోట, పొలాలు చుట్టూ. పొద్దున్నే పొలానికి పోతాం, సాయంత్రం ఊళ్లోకి వస్తాం. అమెరికాలో చట్టం ఏమంది? 'నీ 160 ఎకరాల్లోనే ఇల్లు కట్టుకుని ఉండు, లేకపోతే పట్టా రాదు' అంది. దాంతో ఇంటికీ ఇంటికీ మధ్య అర మైలు. అరుగు లేదు, రచ్చబండ లేదు. పక్కింటావిడ కేక వినపడదు. చట్టమే ఊరు కట్టనివ్వలేదు.

క్యాంపు గారు చెప్పిన మెనొనైట్లు ఇక్కడా రష్యాలో లాగే కలిసి ఉందామని చూశారు. కాన్సాస్‌లో గ్నాడెనావ్ అని, ఒకటే వీధి, వీధికి అటూ ఇటూ ఇళ్లు, వెనకాల పొడుగు చీలికలుగా పొలాలు. కొన్నేళ్లకే విడిపోయింది. ఒక్కొక్కరూ తమ తమ గడిలోకి వెళ్లిపోయారు. గళ్ల ముందు గుంపు నిలవలేదు. రైలు వచ్చిన హిల్స్‌బోరో పెరిగింది.

మరి టౌన్ అన్నది ఏమిటి? రైతులుండే చోటు కాదు. దుకాణం, బ్యాంకు, కమ్మరి, డాక్టరు, ధాన్యం ఎలివేటరు (గింజలు నిల్వ చేసి రైలుకెక్కించే ఎత్తైన గోదాము) ఉండే చోటు. మన మాటల్లో అది ఊరు కాదు, సంత. రోజూ ఉండే సంత. సంతను ఎక్కడైనా వర్తకుడూ దారీ కలిసే కడతారు. రైతు దాన్ని బతికిస్తాడు. ఇద్దరి వాదనా సగం సగం ఒప్పే అని చెప్పి తప్పించుకోవడం లేదు, మీ ప్రశ్నే తప్పంటున్నాను.


గంగావతి_క్యాంపు | ఆదివారం, ఉదయం 8:05

మాస్టారూ, 'చట్టమే ఊరు కట్టనివ్వలేదు' అన్న మాటకు దణ్ణం. ఇన్నేళ్లుగా ఇది నాకు తట్టనే లేదు. డాలస్‌లో మా చెల్లెలు కూడా ఇదే అంటుంది, పక్కింటివాళ్ల పేరు తెలియడానికి రెండేళ్లు పట్టిందని. (అది వేరే గోలనుకోండి.)


మూడోగట్టు | ఆదివారం, ఉదయం 11:30

కంపెనీ, రైతు, సర్వేయరు. ముగ్గురూ వచ్చారు. నేల ఎవరిదో ఎవరూ అడగలేదు.

జంక్షన్ గారు కారులో వెళ్లిన దారి అమెరికా ఆదివాసుల్లో పానీ జాతివాళ్లది. ప్లాట్ నదికి దక్షిణాన ఉన్న నేలను 1833లో ఒప్పందం మీద తీసుకున్నారు. తర్వాత ఉత్తరాన్ని తీసుకున్నారు. చివరకు చిన్న రిజర్వేషన్ (వాళ్లకని వదిలిన నేల) మిగిలితే, 1870ల నడుమ అదీ వదిలించి ఇప్పటి ఒక్లహోమాకు పంపేశారు. అక్షరమాల స్టేషన్లు పుట్టిన సమయమూ అదే. 'ఇల్లూ లేదు, వాకిలీ లేదు' అన్నారు చూడండి, ఖాళీ చేయించాక ఎందుకుంటాయి?

ఇంకొక్క ఊరి సంగతి చెప్పి ఊరుకుంటాను. నికోడెమస్, వాయవ్య కాన్సాస్. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి కుటుంబాలు పెట్టుకున్న ఊరు. 1877 సెప్టెంబరులో కెంటకీ నుంచి సుమారు 300 మంది వచ్చారు. కరపత్రాల్లో అంతా పచ్చగా చెప్పారు. తర్వాతి ఏడాది వచ్చిన విలియానా హిక్‌మన్ అనే ఆమె, ఊరెక్కడ అని అడిగితే, వాళ్లాయన నేలలోంచి లేస్తున్న పొగలు చూపించాడట. జనం ఏటిగట్టున గుంతలు తవ్వుకుని అందులో కాపురం ఉన్నారు, పైకి కనపడేది పొయ్యి పొగ ఒక్కటే. ఆమె కూర్చుని ఏడ్చేసింది. ఆ మొదటి చలికాలం వేట నుంచి తిరిగొస్తున్న ఒసేజ్ జాతివాళ్లు తిండి పెట్టకపోతే చాలామంది బతికేవారు కారు. ఆ ఒసేజ్‌లూ నేల పోగొట్టుకున్నవాళ్లే.

అయినా ఊరు కట్టారు. బడి, చర్చిలు, హోటలు, బ్యాంకు, రెండు పత్రికలు. ఇక రైలొస్తే చాలనుకున్నారు. దాని కోసం బాండ్లిస్తామని ఓటు కూడా వేశారు. 1888లో రైలు వచ్చింది, కానీ సోలమన్ నదికి అవతలి వైపు నుంచి. అక్కడ బోగ్ అనే కొత్త ఊరు లేచింది. నికోడెమస్ షావుకార్లు కొట్లు విప్పుకుని, కొందరు కొట్టు మొత్తాన్ని చక్రాల మీదికి ఎక్కించుకుని, నది దాటి పోయారు.

ఇప్పుడు చెప్పండి, ఊరు కట్టిందెవరు? చంపిందెవరు?


నిడదవోలు_జంక్షన్ | ఆదివారం, మధ్యాహ్నం 1:15

మూడోగట్టు గారూ, 'ఖాళీ' మాట నాదే తప్పు. వెనక్కి తీసుకుంటున్నాను. నికోడెమస్ సంగతి నాకు తెలియదు. కానీ అది నా వాదననే గట్టి చేస్తోంది కదా. పదకొండేళ్ల జనం కష్టాన్ని ఒక ఇంజనీరు గీసిన గీత తుడిచేసింది.


లెక్క_తప్పదు | ఆదివారం, మధ్యాహ్నం 3:40

ఇంత సెంటిమెంటు ఎందుకండీ. లెక్క చూద్దాం.

ఆ దేశాన్ని నిలువుగా చీల్చే 100వ రేఖాంశం అని ఒకటుంది. నెబ్రాస్కా, కాన్సాస్ మీదుగానే పోతుంది. దానికి పడమట వాన చాలదు. 1878లోనే జాన్ వెస్లీ పావెల్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ప్రభుత్వానికి రిపోర్టు ఇచ్చాడు. ఇక్కడ 160 ఎకరాల గడి పనికిరాదు, నీళ్లుంటే 80 చాలు, లేకపోతే పశువుల మేతకు 2,560 ఎకరాలు కావాలి అని. ఎవడు విన్నాడు? రైలు కంపెనీలూ, భూమి అమ్మేవాళ్లూ 'నాగలి వెంటే వాన వస్తుంది' అని ప్రచారం చేశారు. దున్నితే మేఘాలు కరుగుతాయట! 1880ల్లో నాలుగు వానలు బాగా పడేసరికి నిజమే కాబోలనుకున్నారు. 1890ల్లో కరువొచ్చింది. బండ్లన్నీ వెనక్కి. 1930ల్లో దుమ్ము తుఫాన్లు. మిగిలినవాళ్లలోనూ చాలామంది పడమటికి.

రెండో లెక్క. ఎనిమిది మైళ్లకొక ఊరు అన్నది గుర్రం కాళ్లకు తగ్గ లెక్క. కారు వచ్చిన రోజే అందులో మూడింట రెండు ఊళ్లు అనవసరం. ట్రాక్టరు, కంబైన్ వచ్చాక రైతులూ అనవసరం. 1935లో దేశం మొత్తం మీద 68 లక్షల వ్యవసాయ కమతాలు. 2022 లెక్కల్లో 19 లక్షలు. కొనేవాడు లేనిచోట కొట్టెందుకు?

నెబ్రాస్కా ఉత్తరాన మోనోవై అనే ఊరుంది. 1930ల్లో 150 మంది దాకా ఉండేవారు. 2010 జనాభా లెక్కల్లో ఒక్కరు. (2020లో ఇద్దరని వచ్చింది. ఒక్కరే ఉన్న చోట ఆ వ్యక్తి వివరాలు బయటపడకుండా ప్రభుత్వం అంకెల్ని కాస్త కదిపిందట. ఆ ఊళ్లో జనాభా రెట్టింపయింది కంప్యూటర్‌లో మాత్రమే.)

రట్గర్స్ యూనివర్సిటీ పాపర్ దంపతులు 1987లోనే చెప్పారు, ఈ మైదానాల్లో పెద్ద భాగాన్ని మళ్లీ గడ్డికీ అడవిదున్నలకూ వదిలేద్దామని. వాళ్ల మీటింగులకు పోలీసు కాపలా పెట్టాల్సొచ్చింది. నిజం చెప్తే కోపాలొస్తాయి.


ప్రేరీ_డాక్టరు | ఆదివారం, రాత్రి 8:20 (ఇక్కడ ఉదయం)

రెండు రోజుల నుంచి చదువుతున్నాను, ఇక ఊరుకోలేక రాస్తున్నా. నేను పడమటి కాన్సాస్‌లో ఒక చిన్న ఊరి ఫ్యామిలీ డాక్టర్‌ని. ఊరి పేరు వద్దు. తొమ్మిది వందల మందిలో తెలుగువాడు నేనొక్కడినే, పేరు చెబితే నా ఫోన్ నంబరు చెప్పినట్టే. జె-1 అనే శిక్షణ వీసా మీద వచ్చిన డాక్టర్లు శిక్షణ అయ్యాక రెండేళ్లు స్వదేశం వెళ్లి ఉండాలి. డాక్టర్లు దొరకని చోట మూడేళ్లు పని చేస్తే ఆ షరతు మాఫీ. రాష్ట్రానికి ఏటా 30 మందికి ఆ వీలుంది. మనవాళ్లు చాలామంది ఈ దారినే ఇలాంటి ఊళ్లకు వచ్చారు. నేనూ మూడేళ్లనే వచ్చాను. ఇది ఎనిమిదో ఏడు.

లెక్క గారూ, మీ అంకెలతో పేచీ లేదు. కానీ జూన్ నెలాఖరులో ఒక్కసారి వచ్చి మా ఎలివేటరు దగ్గర నిలబడండి. తెల్ల కాంక్రీటు గొట్టాలు వరసగా, పది మైళ్ల దూరానికే కనపడతాయి. దాని ముందు గోధుమ ట్రక్కులు వీధి చివరిదాకా. ఒక్కో ట్రక్కూ కాటా మీదికి ఎక్కుతుంది. పైనుంచి ఒక ఇనుప గొట్టం వంగి, గోధుమల్లోకి దిగి, గుప్పెడు గింజల్ని ఆఫీసు గదిలోకి పీలుస్తుంది. లోపల కౌంటరు వెనక అమ్మాయి తేమ చూసి, బరువు చూసి, చీటీ చింపి కిటికీలోంచి ఇస్తుంది. తేమ ఎక్కువుంటే ధర కోత. ఆ చీటీ చూసుకునేటప్పుడు రైతు మొహం చూడాలి. గుంటూరు మిర్చి యార్డులో మా నాన్న మొహం అచ్చం అలాగే ఉండేది. రాత్రి పదకొండైనా లైట్లు ఆరవు. వాన వస్తుందంటే మా క్లినిక్‌లో అపాయింట్‌మెంట్లన్నీ రద్దు. బీపీ ఎంతున్నా సరే, కోత అయ్యాకే వస్తారు.

ఆ ఎలివేటరు కంపెనీది కాదు. రైతుల సహకార సంఘానిది. ఇది చాలా ముఖ్యం, మీరెవరూ ముట్టుకోలేదు. మొదట్లో ఎలివేటర్లు ప్రైవేటువాళ్లవి, రైలు కంపెనీతో లోపాయికారీ. గోధుమ రకం తక్కువని కాగితం మీద రాసేస్తే రైతు ఏం చేస్తాడు, బండి వెనక్కి తోలుకుపోతాడా? ఆ కడుపుమంటతోనే సంఘాలు కట్టారు. అంటే సంతను కట్టింది వర్తకుడే కావచ్చు గొలుసు మాస్టారూ, మధ్యలో రైతులు దాన్ని కొనేసుకున్నారు.

మిగతా ఊరి సంగతీ దాచను. మెయిన్ స్ట్రీట్ మన నాలుగు లైన్ల రోడ్డంత వెడల్పు. గుర్రబ్బండి ఒక్క విసురులో తిరగాలని అలా వేశారట. ఇప్పుడు ఆ వెడల్పే ఊరిని ఇంకా ఖాళీగా చూపిస్తుంది. ఇటుక మేడల నుదుట 1908, 1911 అని చెక్కి ఉంటాయి. కింద అద్దాలకు అట్టలు. హైస్కూల్లో పదకొండు మంది మగపిల్లలు దొరక్క ఆరుగురితో ఫుట్‌బాల్ ఆడతారు. ఈ ఆటను 1934లో నెబ్రాస్కాలోని హెబ్రన్‌లో ఇలాంటి ఊళ్ల కోసమే కనిపెట్టారు.


లెక్క_తప్పదు | ఆదివారం, రాత్రి 9:00

డాక్టర్ గారూ, చాలా బాగా రాశారు. కానీ మీరే అన్నారు, అట్టలు కొట్టిన అద్దాలని.


గంగావతి_క్యాంపు | ఆదివారం, రాత్రి 9:35

లెక్క గారికి లెక్కతోనే చెప్తాను. 1940ల్లో వాల్టర్ గోల్డ్‌స్మిడ్ట్ అనే మానవశాస్త్రజ్ఞుడు కాలిఫోర్నియాలో రెండు ఊళ్లను పక్కపక్కన పెట్టి చూశాడు. ఆర్విన్, డైన్యూబా. రెండు చోట్లా పంట విలువ దాదాపు సమానం. డైన్యూబా చుట్టూ చిన్న కమతాలు, ఆర్విన్ చుట్టూ పెద్ద కంపెనీ కమతాలు. చిన్న రైతులున్న ఊళ్లో కొట్లు ఎక్కువ, బడులు ఎక్కువ, పార్కులు, సంఘాలు ఎక్కువ. ఆర్విన్‌లో కూలీలు, వాళ్లకు ఊరి మీద మాటే లేదు. అంటే పంట ఎంత పండిందన్నది కాదు, ఎంతమంది చేతుల్లో పండిందన్నదే ఊరిని నిలబెడుతుంది. కమతాలు 68 లక్షల నుంచి 19 లక్షలకు దిగింది వాన వల్ల, యంత్రాల వల్ల మాత్రమే కాదు. 'పెద్దగా ఎదుగు, లేదా తప్పుకో' అన్న ధోరణిలో ప్రభుత్వం నడిపిన విధానాల వల్ల కూడా.

నార్త్ డకోటా రైతులైతే ఇంకో అడుగు వేశారు. 1915లో నాన్ పార్టిజన్ లీగ్ పెట్టి, ఏడాదికే రాష్ట్ర గవర్నరు పదవి పట్టేశారు. 1919లో రాష్ట్ర ప్రభుత్వ బ్యాంకు, 1922లో గ్రాండ్ ఫోర్క్స్‌లో రాష్ట్ర ప్రభుత్వ పిండిమర, ఎలివేటరు. అమెరికాలో! రెండూ ఇవాళ్టికీ నడుస్తున్నాయి.


లెక్క_తప్పదు | ఆదివారం, రాత్రి 9:50

ఆర్విన్ డైన్యూబా కంటే చాలా కొత్త ఊరు, అందుకే వసతులు తక్కువ అని అప్పుడే విమర్శ వచ్చింది. అదీ చెప్పాలి కదా. ఇక నార్త్ డకోటా. బ్యాంకు నిలబడింది సరే, పల్లెలు నిలబడ్డాయా? అక్కడా వందేళ్ల కిందట ఉన్న జనం ఇవాళ లేని కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) బోలెడు.


గంగావతి_క్యాంపు | ఆదివారం, రాత్రి 9:52

మీకు మనుషులు కనపడరు, అంకెలే కనపడతాయి. మీ ఇంట్లోవాళ్లను కూడా లాభనష్టాలు వేసుకునే ఉంచుకున్నారా?


నిర్వాహకుడు | ఆదివారం, రాత్రి 10:05

క్యాంపు గారూ, ఇంట్లోవాళ్ల దాకా వద్దు. ఇంకొకసారి అయితే తాళం వేస్తాను.


నిడదవోలు_జంక్షన్ | సోమవారం, ఉదయం 7:30

రాత్రంతా ఆ మ్యాప్ ముందేసుకుని కూర్చున్నాను. నా అక్షరమాలలో నేనే చూడని చిల్లులున్నాయి.

డి తర్వాత ఇ రావాలి కదా. డోర్చెస్టర్‌కూ ఎక్సెటర్‌కూ మధ్య ఫ్రెండ్ అని ఒక ఊరుంది. స్నేహం కాదు, ఆ నేల యజమాని ఇంటిపేరు. గ్రాఫ్టన్‌కూ హార్వర్డ్‌కూ మధ్య సటన్ ఉంది. అవి కంపెనీ వరసలోవి కావు. కారులో వాటి మీదుగానే వెళ్లాను, నాకు కావలసిన అక్షరాలే కనపడ్డాయి.

అన్నిటికంటే పెద్ద చిల్లు హేస్టింగ్స్. హెచ్ అప్పటికే హార్వర్డ్‌కు వెళ్లిపోయింది, కాబట్టి ఇది బర్లింగ్టన్ వేసుకున్న లిస్టులో లేదు. 1872లో వేరే కంపెనీ రైలు లైను, సెయింట్ జోసెఫ్ నుంచి వచ్చేది, బర్లింగ్టన్ లైనును అడ్డంగా కోసిన చోట పుట్టింది. పక్కనే ఆరేడు మైళ్లలో జునియాటా. బర్లింగ్టన్ ముద్దుబిడ్డ, కౌంటీ కేంద్రం కూడా. కోర్టు, రికార్డులు అక్కడే. హేస్టింగ్స్ జనం పట్టు పట్టి, ఓట్లు పెట్టించి, 1870లు ముగిసేలోపే కౌంటీ కేంద్రాన్ని లాక్కుపోయారు. ఇవాళ హేస్టింగ్స్‌లో 25 వేల మంది, జునియాటాలో వెయ్యి లోపు. (మన రస్నాకు అన్నలాంటి కూల్ ఎయిడ్ పొడి 1927లో పుట్టింది ఈ హేస్టింగ్స్‌లోనే. మా మనవడికి చరిత్రలో నచ్చింది ఇదొక్కటే.)

కౌంటీ కేంద్రం కోసం కొట్లాటలంటే నేను తమాషా అనుకున్నాను. కాన్సాస్‌లో తుపాకులతో కాల్చుకున్నారట. స్టీవెన్స్ కౌంటీలో హ్యూగోటన్‌కూ వుడ్స్‌డేల్‌కూ మధ్య 1888లో మనుషులు చచ్చిపోయారు. మన జిల్లాల విభజనప్పుడు హెడ్‌క్వార్టర్ మాకంటే మాకని బందులు చేశాం, నయమే.

కాబట్టి నా మాట కొంచెం సవరించుకుంటాను. రైలు ఊళ్లను గుప్పెడు గింజల్లా చల్లింది. ఏది మొలవాలన్నది మాత్రం దాని చేతిలో లేదు, దాని సొంత పిల్లే ఓడిపోయింది. అయితే నికోడెమస్ గురించి అడిగితే నా దగ్గర జవాబు లేదు. హేస్టింగ్స్‌కు రైలు లైన్లు రెండున్నాయి, ఓట్లున్నాయి. నికోడెమస్‌కు ఓట్లున్నా రైలు లైను రాలేదు.


సర్వే_గొలుసు | సోమవారం, ఉదయం 9:10

ఇలినాయ్‌లో అర్బానా కథ కూడా కలపండి. మన పిల్లలు వందల మంది చదువుకునే చోటు. 1854లో రైలు ఆ ఊరికి రెండు మైళ్లు పడమటగా పోయింది. స్టేషన్ దగ్గర పుట్టిన కొత్త ఊరే నేటి షాంపేన్, ఇప్పుడు అర్బానా కంటే పెద్దది. కానీ అర్బానా చావలేదు. కోర్టు అట్టే పెట్టుకుంది, 1867లో యూనివర్సిటీ తెచ్చుకుంది. రైలు పోతే ప్రభుత్వం పట్టుకుంది. నికోడెమస్‌కు ఆ రెండో చెయ్యి ఎవరూ ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో మూడోగట్టు గారు నాకంటే బాగా చెబుతారు.


మూడోగట్టు | సోమవారం, ఉదయం 10:00

చెప్పాల్సిందేముంది మాస్టారూ, మీరే చెప్పేశారు.

ఒక్క సంగతి. ఆ ఊరు ఇంకా ఉంది. పది ఇరవై మందే ఉంటారు, 1996 నుంచి జాతీయ చారిత్రక స్థలం. ఏటా జులై చివరి శనాదివారాలకు డెన్వర్ నుంచీ, కాన్సాస్ సిటీ నుంచీ మనవలు, మునిమనవలు వందల్లో దిగుతారు. విముక్తి ఉత్సవం. సంక్రాంతికి మనం ఊరెళ్లినట్టు. లెక్క గారి పుస్తకంలో ఇది ఏ పద్దు కింద రాస్తారో మరి.


లెక్క_తప్పదు | సోమవారం, ఉదయం 10:20

టూరిజం పద్దు. (సరదాకే అన్నాను, తిట్టకండి. సంక్రాంతికి మేమూ వెళ్తాం, ఊళ్లో మాకు ఇల్లు కూడా లేదు.)


ప్రేరీ_డాక్టరు | సోమవారం, రాత్రి 7:45

ఆగిపోయిన ఊళ్ల గురించే మాట్లాడుతున్నాం, మళ్లీ పెరిగిన ఊళ్లూ ఉన్నాయి. నెబ్రాస్కాలో లెక్సింగ్టన్. 1990లో 6,600 జనం. అదే ఏడు పెద్ద మాంసం ఫ్యాక్టరీ వచ్చింది. పదేళ్లకు పది వేలు. మెక్సికో, గ్వాటెమాలా, ఆ తర్వాత సోమాలియా వాళ్లు. చర్చి పక్క వీధిలో మసీదు, హలాల్ కొట్టు. బడులు నిండాయి. 2025 చివర్లో ఆ ఫ్యాక్టరీని మూసేస్తున్నామని కంపెనీ ప్రకటించింది. వేల ఉద్యోగాలు. జంక్షన్ గారి మొదటి పోస్టులో 'రైలు' అని ఉన్నచోట 'ప్యాకింగ్ ప్లాంటు' అని పెట్టి చదువుకున్నాను. ఒక్క వాక్యం కూడా మార్చక్కర్లేకపోయింది.

మా ఊళ్లో వేరే టెన్షన్. హైస్కూల్‌ను పద్దెనిమిది మైళ్ల అవతలి ఊరి బడిలో కలిపెయ్యాలా వద్దా అని గురువారం సాయంత్రం మీటింగు. కలిపితే పిల్లలకు కెమిస్ట్రీ టీచరు దొరుకుతుంది. కలిపితే రెండేళ్లలో కిరాణా కొట్టు మూతపడుతుందని కొట్టు ముసలాయన అంటున్నాడు. నిన్న బీపీ చూపించుకోవడానికి వచ్చి, 'డాక్టర్, నువ్వు కూడా మాట్లాడాలి' అని చెయ్యి పట్టుకున్నాడు. మా పాప వచ్చే ఏడు తొమ్మిదో క్లాసు. నేను ఏ వైపు లేవాలో నాకింకా తేలలేదు.

గురువారం రాత్రి వచ్చి ఏమైందో రాస్తాను. నిర్వాహకుడు గారూ, అప్పటిదాకా తాళం వెయ్యకండి.